ఒకే సంచిలో రెండు రకాలు: కొడుకు భ్రమలు, తల్లి వాంతులు

పలాస వైపు ఒక చిన్న ఆసుపత్రిలో జనరల్ మెడిసిన్ చూస్తాను. వానాకాలం మొదలైతే మా క్యాజువాలిటీకి పాముకాట్లు, జ్వరాలు, పురుగుమందు తాగినవాళ్లు వరసగా వస్తారు. పుట్టగొడుగులు తిని వాంతులు పట్టుకున్నవాళ్లు కూడా ఏటా కొందరుంటారు. వాళ్లలో చాలామంది రెండు సెలైన్లు ఎక్కించుకుని సాయంత్రానికి ఇంటికి వెళ్లిపోతారు. ఈ కుటుంబం విషయంలో అలా జరగలేదు. వాళ్లు ఒప్పుకున్నాకే, ఊరినీ మనుషులనూ గుర్తుపట్టే వివరాలు తీసేసి రాస్తున్నాను. క్యాజువాలిటీలో కొత్తగా చేరిన డాక్టర్లు, స్టాఫ్ నర్సులు ఇది చదవాలని నా కోరిక.

మొదట వచ్చింది కొడుకు

సెప్టెంబరులో ఒక ఆదివారం. ఉదయం 7:50కి ఆటోలోంచి ఇద్దరు కుర్రాళ్లను దింపారు. పెద్దవాడికి 22 ఏళ్లు. బెంగళూరులో ఉద్యోగం, రెండు నెలలుగా ఇంటి దగ్గరే ఉంటున్నాడు. రెండోవాడు అతని పిన్ని కొడుకు, 19 ఏళ్లు, డిగ్రీ చదువుతున్నాడు. వెంట పెద్దవాడి అమ్మ, మేనమామ వచ్చారు. మేనమామ చేతిలో వేపమండ ఉంది.

"తెల్లారకుండా సెరువు గట్టుకి ఎల్లినారు డాట్రుబాబూ. ఈడికి గాలి సోకినట్టుంది. గోడల్తో మాటాడతన్నాడు."

పెద్దవాడు నిజంగానే గోడ వైపు చూస్తూ, సున్నం ఊపిరి తీస్తోందని చెబుతున్నాడు. కాసేపు ఏడ్చాడు, వెంటనే నవ్వాడు. నా చెయ్యి పట్టుకుని "సార్, నేను చచ్చిపోయానా?" అని రెండుసార్లు అడిగాడు. కానీ పేరు అడిగితే చెప్పాడు, ఊరు చెప్పాడు, పక్కనున్నది అమ్మే అని గుర్తుపట్టాడు. ఈ ఒక్క సంగతి నాకు చాలా ధైర్యమిచ్చింది. తెలివి తప్పలేదు, చూపు మాత్రమే మారిపోయింది.

పల్స్ 124, బీపీ 150/90, ఒళ్లు 100.2 డిగ్రీలు. కంటిపాపలు బాగా విచ్చుకుని ఉన్నాయి. ఒంటినిండా చెమట. నోరు తడిగానే ఉంది. స్టెతస్కోపు పొట్ట మీద పెడితే పేగుల శబ్దాలు మామూలుగానే వినిపించాయి. చిన్నవాడి పరిస్థితి కాస్త నయం: పల్స్ 104, కంటిపాపలు పెద్దవే, నేల చూస్తూ నవ్వుకుంటున్నాడు, కడుపులో తిప్పుతోందన్నాడు.

మన ప్రాంతంలో ఒక కుర్రాడు జ్వరంతో పిచ్చిగా మాట్లాడుతూ వస్తే మొదట అనుమానించాల్సింది మలేరియా. కొండ పక్క ఊళ్లలో ఫాల్సిపారమ్ మెదడుకెక్కితే గంటల్లో మనిషి పోతాడు. అందుకే ఇంకేమీ ఆలోచించక ముందే ర్యాపిడ్ టెస్టు, గ్లూకోమీటరు. టెస్టు నెగటివ్, షుగర్ 104. మెడ బిగుసుకోలేదు.

తర్వాత ఉమ్మెత్త. ఇక్కడ డాక్టరుకి ముందు గుర్తొచ్చేది అదే, రావాలి కూడా. ఉమ్మెత్త గింజలు తిన్న మనిషికి కూడా పాపలు విచ్చుకుంటాయి, లేనివి కనిపిస్తాయి. కానీ అతనికి చెమట పట్టదు. చర్మం కాగితంలా ఎండిపోయి కాలుతుంటుంది, నోట్లో తడి ఉండదు, పేగులు నిశ్శబ్దం, మూత్రం బిగుసుకుంటుంది, మనిషి తల్లిని కూడా పోల్చుకోడు. ఈ కుర్రాడు చెమటతో తడిసిపోయి, అమ్మను అమ్మా అని పిలుస్తున్నాడు. చంకలో చెయ్యిపెట్టి చూడటం అనే పాత పద్ధతి ఆ రోజు నాకు సగం డయాగ్నసిస్ చెప్పేసింది.

మేనమామను బయట కూర్చోమన్నాను. ట్యూబులైటు ఆపించి, స్టూలు లాక్కుని అతని ఎత్తులో కూర్చున్నాను. "ఏం తిన్నావో చెబితే ఏ మందు ఇవ్వాలో నాకు తెలుస్తుంది" అన్నాను. పోలీసులకు చెబుతారా అని చిన్నవాడు అడిగాడు. అబద్ధం చెప్పదలుచుకోలేదు. విషం కేసు వస్తే మెడికో లీగల్ రిజిస్టరులో రాయడం రూలు. రాస్తానని చెప్పాను. "అది కాగితం పని. ముందు మీ ఇద్దరి ప్రాణాలు చూడాలి" అన్నాను. అప్పుడు ఫోన్ తీసి ఫొటో చూపించాడు. గేదెలు మేసే బీడులో ఎండిన పేడ మీద మొలిచిన గోధుమరంగు పుట్టగొడుగులు, చేతిలో పట్టుకున్న చోట కాడలు నీలంగా మారినవి. శనివారం పొద్దున్న కోసుకొచ్చారు. ఆదివారం పొద్దున్న 6 గంటలకు చెరువు గట్టు మీద కూర్చుని తేనెతో తిన్నారు. పెద్దవాడు ఏడెనిమిది, చిన్నవాడు రెండు. 6:40 కల్లా గట్టు మీద గడ్డి అలలు కొట్టడం మొదలైంది.

ఆ గోధుమరంగు గొడుగుల సంగతి

వాటిలో ఉండేది సైలోసిబిన్. శరీరంలో అది సైలోసిన్‌గా మారి, మెదడులో సెరటోనిన్ పనిచేసే 5హెచ్‌టీ-2ఏ అనే గ్రాహకాల మీద పడుతుంది. తిన్న 20 నిమిషాల నుంచి గంటలోపు మొదలై, నాలుగు నుంచి ఆరు గంటల్లో దిగిపోతుంది. పేడ మీద పెరిగే సైలోసైబ్ క్యూబెన్సిస్‌ను 1906లో క్యూబాలో దొరికిన నమూనాల మీద తొలిసారి వర్ణించారు. ఉష్ణ ప్రాంతాల్లో పశువులున్న చోట్ల అది కనిపిస్తుంది. మెక్సికోలో మజటెక్ జనం రోగం నయం చేసే పూజల్లో ఇలాంటి గొడుగులను వాడేవాళ్లు. స్విట్జర్లాండ్ రసాయన శాస్త్రవేత్త ఆల్బర్ట్ హాఫ్‌మన్ 1958లో వాటినుంచి సైలోసిబిన్‌ను విడదీశారు. మన దేశంలో సైలోసిన్, సైలోసిబిన్ రెండూ 1985 నాటి మత్తుమందుల నిరోధక చట్టం (ఎన్‌డీపీఎస్) షెడ్యూలులో ఉన్నాయి. వీటి కోసం కొడైకెనాల్ వెళ్లే కుర్రాళ్ల గురించి వింటూనే ఉన్నాం. మన చెరువు గట్టు మీదికి వచ్చేసరికి నాకు కొత్తగా, బాధగా అనిపించింది.

సైలోసిబిన్ ఒక్కటే అయితే గుండెకో లివరుకో పెద్ద దెబ్బ తగలడం అరుదు. ప్రమాదం ఆ మత్తులో డాబా మీంచి దూకడం, చెరువులో దిగడం, హైవే మీదికి నడవడం. లేదా పైకి రాకుండా ఉన్న మానసిక జబ్బు బయటపడటం. దాంతోపాటు వేరే జాతి గొడుగు కడుపులోకి పోవడం. ఈ చివరిది ఆ పొద్దున్న నా తలలో పుస్తకంలో వాక్యంలాగే ఉంది తప్ప, నా ఎదుట ఉన్న మనుషులకు తగలలేదు.

పెద్దవాడు డిప్రెషన్‌కి ఇచ్చే ఎస్సిటాలోప్రామ్ మాత్ర వాడుతున్నాడని చిన్నవాడు చెప్పాడు. వారం కిందట తనంతట తనే ఆపేశాడట. అందుకని సెరటోనిన్ మితిమీరితే వచ్చే సెరటోనిన్ సిండ్రోమ్ ఉందేమో కూడా చూశాను. పాదాన్ని గట్టిగా పైకి వంచి పట్టుకుంటే చీలమండ దడదడలాడుతుందా అని. లేదు. కాళ్లు బిగుసుకోలేదు. ఈసీజీలో గుండె వేగం తప్ప ఏమీ లేదు.

చికిత్స తేలిక. లోరాజెపామ్ 2 మిల్లీగ్రాములు నరానికి, ఒక సెలైన్, చివరి గదిలో మంచం, కిటికీకి దుప్పటి. పక్కన ఒకే ఒక మనిషి, అదీ తక్కువ మాట్లాడే మనిషి. మంచానికి కట్టేయమని మేనమామ అడిగాడు. వద్దన్నాను. భయంలో ఉన్నవాణ్ణి కట్టేస్తే భయం పదింతలవుతుంది, కండరాలు చితికి కిడ్నీల మీదికి వస్తుంది. ఉన్మాదానికి వాడే హాలోపెరిడాల్ జోలికీ పోలేదు, అవసరం పడలేదు. 11 గంటలకు నిద్రపోయాడు, మధ్యాహ్నం లేచి టీ అడిగాడు.

నేను ఇక్కడ ఆగి ఉంటే ఇది చక్కటి కేసు. ఆ పొద్దున్న 8 నుంచి 10 దాకా నేను అలాగే అనుకున్నాను.

తల్లి

10 దాటాక మా సిస్టర్ వచ్చి నెమ్మదిగా చెప్పింది. "సార్, ఆ కుర్రాడి అమ్మ మూడోసారి వెనక్కి వెళ్లింది. కాలవ దగ్గర వాంతి చేసుకుంటోంది."

48 ఏళ్ల మనిషి, 52 కిలోలు. పొద్దున్న ఆటో దిగినప్పుడే ముఖం పాలిపోయి ఉంది. కొడుకుని ఆ స్థితిలో చూసిన తల్లి ముఖం అలా ఉండదా అనుకున్నాను. ఒకసారి నాతో "కడుపు తిప్పుతంది బాబూ" అంది కూడా. "కంగారు పడకండమ్మా, అబ్బాయికి ఏమీ కాదు" అని జవాబిచ్చాను. ఆమె చెప్పింది తన కడుపు గురించి. నేను విన్నది కొడుకు గురించి. రెండు గంటలు అలా పోయాయి.

వెంటనే కుర్చీ వేయించి అడిగాను. "అమ్మా, నువ్వేం తిన్నావు?"

"నానేటి తింతాను బాబూ. రాత్రి గుంటలు తెచ్చిన పుట్టగొడుగులు కూర సేసినాను. అదే తిన్నాను. ఈలు ఆ నల్లటివి పక్కన పెట్టుకున్నారు, తెల్లటివి ఉండిపోతే పారీడమేలని వండీసినాను."

ఒకే సంచి. శనివారం పొద్దున్న కుర్రాళ్లు బీడులో పేడ మీదివి కోశాక, నీలగిరి తోట అంచున తెల్లగా, పెద్దగా మొలిచినవి కనిపిస్తే అవీ కోసి అదే పాలిథిన్ సంచిలో వేసుకున్నారు. ఇంట్లో తల్లి చూసి చెదపుట్టల మీద మొలిచే తినే గొడుగులనే అనుకుంది. చిన్నప్పటినుంచి అలాంటివి ఏరి, ఉల్లిపాయలేసి కూర చేసుకు తిన్న మనిషి ఆమె. ఎవరైనా అలాగే అనుకుంటారు.

ఎన్ని గంటలకు తిన్నావని అడిగితే రాత్రి ఎనిమిదిన్నర అంది. మొదటి వాంతి? కొడుకుని ఆటో ఎక్కిస్తున్నప్పుడు, అంటే 7 గంటలకు. నేను చేతివేళ్ల మీద లెక్కపెట్టాను. పదిన్నర గంటలు.

ఈ లెక్కే ఈ కేసులో అన్నిటికంటే ముఖ్యం. తిన్న రెండు మూడు గంటల్లో వాంతులు మొదలైతే చాలావరకు పేగులకు చికాకు పెట్టే జాతి, నీళ్లు ఎక్కిస్తే సర్దుకుంటుంది. ఆరు గంటలు దాటాక మొదటి వాంతి వచ్చిందంటే, లివరును తినేసే గొడుగు విషం అమాటాక్సిన్ కాదని రుజువయ్యేదాకా అదే అనుకుని మందు మొదలుపెట్టాలి. ఈ విషం లివరు కణాల్లో ఆర్ఎన్ఏ పాలిమరేజ్-2 అనే ఎంజైమును ఆపేస్తుంది. కణం కొత్త ప్రోటీన్ తయారు చేసుకోలేక మెల్లమెల్లగా చచ్చిపోతుంది. అందుకే ఆలస్యం. ఉడికించినా, వేయించినా, ఎండబెట్టినా ఈ విషం చావదు.

ఇంట్లో ఇంకెవరు తిన్నారు? తండ్రి తినలేదు. ఆయనది ఉద్దానం ప్రాంతంలో అందరికీ తెలిసిన కిడ్నీ జబ్బు, వారానికి మూడు డయాలసిస్‌లు, వంట విడిగా చేస్తారు. పెద్దవాడు రాత్రి బయట బిరియానీ తిన్నాడు. చిన్నవాడు మంచం మీంచి చెయ్యెత్తి, "నేను రెండు ముద్దలు తిన్నాను సార్" అన్నాడు. నాకు చెమట పట్టింది. చిన్నవాడి కడుపు తిప్పుడుని పేడ గొడుగుల ఖాతాలో రాసి, సాయంత్రం ఇంటికి పంపేద్దామనుకున్నాను. లక్షణాలు తొందరగా మొదలయ్యాయి కాబట్టి భయం లేదన్న సూత్రం, మనిషి ఒకే రకం తిన్నప్పుడే పనిచేస్తుంది.

గ్లాసు కింద కాగితం

పక్కింటి అబ్బాయిని ఫోన్ చేసి, వంటింటి చెత్తబుట్టలో పడేసిన కాడలు, తొక్కలు, ఏవుంటే అవి కాగితంలో చుట్టి తెమ్మన్నాను. ప్లాస్టిక్ సంచిలో వద్దు, చెమర్చి కుళ్లిపోతాయి. గంటలో తెచ్చాడు. రెండు తెల్లటి కాడలు, ఒక గొడుగు సగం ముక్క. కుర్రాళ్ల సంచి అడుగున మిగిలిన ఒక పేడ గొడుగు.

గొడుగు అడుగున ఉండే రేకుల్లోంచి రాలే బీజాల పొడి రంగు చూస్తే జాతి గురించి కొంత తెలుస్తుంది. ల్యాబులో సగం తెల్ల కాగితం, సగం ఎక్స్‌రే ఫిల్ము చుట్టే నల్ల కాగితం పక్కపక్కన అంటించి, రెండు గొడుగులనూ రేకులు కిందికి వచ్చేలా రెండింటి మీదా సగం సగం పడేట్టు పెట్టాను. ఒక చుక్క నీళ్లు పైన వేసి స్టీలు గ్లాసులు బోర్లించాను. సాయంత్రం 5కి గ్లాసులు ఎత్తి చూశాం. పేడ గొడుగు కింద ముదురు వంగపండు రంగు పొడి, రేకులు గీసినట్టు గీతలు గీతలుగా. తెల్లదాని కింద, తెల్ల కాగితం మీద ఏమీ కనిపించలేదు. నల్ల కాగితం మీద సుద్దపొడి రాలినట్టు స్వచ్ఛమైన తెలుపు. చెదపుట్ట మీద మొలిచే మంచి గొడుగుకి ఆ పొడి లేత గులాబీ రంగులో రాలుతుంది. పచ్చిక మైదానాల్లో మొలిచి మన దగ్గర ఎక్కువమందికి వాంతులు తెప్పించే క్లోరోఫిల్లమ్ అనే గొడుగుకైతే ఆకుపచ్చ వస్తుంది. అమాటాక్సిన్ ఉండే అమానిటా గొడుగులకు రాలేది ఇలాంటి తెలుపే. సిస్టర్, ల్యాబ్ టెక్నీషియన్ ఇద్దరూ చాలాసేపు ఆ కాగితం చూస్తూ నిలబడ్డారు.

కాడలు రెండూ నేల మట్టానికి విరిచినవే. అడుగు భాగం నేలలోనే ఉండిపోయింది. చెదపుట్ట గొడుగుకైతే వేరులాంటి పొడవాటి తోక పుట్ట లోపలికి దిగి ఉంటుంది. అమానిటా జాతులకు కాడ మొదట్లో చిరిగిన గుడ్డు పెంకులాంటి సంచి ఉంటుంది. రెండింటినీ వేరు చేసే గుర్తు మట్టిలోనే ఉంటుంది. మన వాళ్లు శుభ్రంగా ఉండాలని పైకి విరిచి తెచ్చుకుంటారు. మంగళవారం ఆ పక్కింటి అబ్బాయే నీలగిరి తోటకు వెళ్లి, అలాంటి ఒక గొడుగును పారతో మట్టితో సహా లేపి ఫొటో పంపాడు. తెల్ల సంచి, కాడ మధ్యలో పావడాలాంటి ఉంగరం స్పష్టంగా ఉన్నాయి. అమానిటా పోలికలే. మా దగ్గర మూత్రంలో అమాటాక్సిన్ చూసే పరీక్ష లేదు. గంటల లెక్క, పొడి రంగు, లివరు నడిచిన తీరు బట్టే చికిత్స చేశాం.

కానీ చికిత్స గ్లాసు ఎత్తేదాకా ఆగలేదు. ఆగకూడదు.

చేసిన వైద్యం

10:30కి ఆమె బీపీ 90/60, పల్స్ 118. అప్పటికి నీళ్ల విరేచనాలు కూడా మొదలయ్యాయి. మొదటి గంటలో లీటరు ఆర్ఎల్ సెలైన్, తర్వాత మూత్రం గంటకు 50 మిల్లీలీటర్లు దాటేదాకా ఎక్కిస్తూనే ఉన్నాం. వాంతి ఆగడానికి ఆన్‌డాన్‌సెట్రాన్ ఇచ్చి, ముక్కు గొట్టం ద్వారా యాక్టివేటెడ్ చార్‌కోల్ 50 గ్రాములు. తిని పద్నాలుగు గంటలయ్యాక బొగ్గుపొడి ఎందుకని హౌస్ సర్జన్ అడిగాడు. మంచి ప్రశ్న. అమాటాక్సిన్ లివరులోంచి పైత్యరసంతో మళ్లీ పేగులోకి దిగి, అక్కణ్ణించి మళ్లీ రక్తంలోకి ఎక్కుతుంది. ఆ తిరుగుడును మధ్యలో పట్టుకోవడానికే నాలుగేసి గంటలకు 25 గ్రాముల చొప్పున మళ్లీ మళ్లీ ఇవ్వాలి.

లివరును కాపాడే ఎన్-ఎసిటైల్ సిస్టీన్ మా ఫార్మసీలో ఉంది, మోతాదు మించి పారాసిటమాల్ మింగిన కేసుల కోసం పెట్టుకున్నది. అదే లెక్క: గంటలో 7.8 గ్రాములు, తర్వాతి 4 గంటల్లో 2.6, ఆపై 16 గంటల్లో 5.2. ఈ విషానికి వాడే సిలిబినిన్ ఇంజక్షన్ మాకు దొరకదు. క్రిస్టలైన్ పెన్సిలిన్ టెస్ట్ డోసు వేసి, 40 లక్షల యూనిట్లు 4 గంటలకోసారి మొదలుపెట్టాను. దీనికి ఆధారాలు గట్టివి కావని తెలుసు. చేతిలో ఉన్నది వాడకుండా కూర్చోలేకపోయాను. రెండు గంటలకోసారి షుగర్. లివరు దెబ్బతింటే ముందు పడిపోయేది అదే. కేసు షీటు మీద అలవాటుగా రాసి ఉన్న "జ్వరానికి పారాసిటమాల్" అన్న లైను కొట్టేశాను.

ఆ రోజు మధ్యాహ్నం రిపోర్టులు: ఎస్‌జీపీటీ (లివరు దెబ్బను చూపే అంకె) 64, ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతోందో చూపేది) 1.1, కిడ్నీల పనిని చూపే క్రియాటినిన్ 1.6. మొదటి రోజు లివరు పరీక్ష ఇలాగే మోసం చేస్తుంది. ఆ కాగితం చూసి సాయంత్రం ఇంటికి పంపినవాళ్లు, మూడో రోజు పచ్చకామెర్లతో తిరిగొస్తారు.

సోమవారం పొద్దున్నకి వాంతులు ఆగిపోయాయి. ఆమె లేచి కూర్చుని జుట్టు ముడేసుకుంది. "బాగుంది బాబూ. పంపీయండి. మంగళారం ఆయనకి డయాలసిస్సు. నాను లేకపోతే ఎవులు తీసికెల్తారు?" ముఖంలో నవ్వు కూడా ఉంది. నా చేతిలో అప్పుడే వచ్చిన రిపోర్టు ఉంది: ఎస్‌జీపీటీ 1,140, ఐఎన్ఆర్ 1.9.

ఈ ఘట్టం గురించి ఎంత చెప్పినా తక్కువే. వాంతులు తగ్గి, ఆకలేసి, మనిషి తేరుకున్నట్టు కనిపించే ఆ ఒక్క రోజే లివరు లోపల కూలిపోతూ ఉంటుంది. మన ఇళ్లలో ఆడవాళ్లు ఎలాగూ తమ ఒళ్లు చివర చూసుకుంటారు. ఇంటి పనులు పిలుస్తుంటాయి, మంచానికి డబ్బవుతుందని భయం ఉంటుంది, పైగా ఒంట్లో నిజంగానే బాగున్నట్టుంటుంది. "కూర్చోమ్మా, నీ లివరు బాగోలేదు" అంటే ఆమె నమ్మలేదు. కాగితం మీద నిన్నటి అంకె, ఇవాళ్టి అంకె పక్కపక్కన రాసి చూపించాను. చదువు రాకపోయినా 64కీ 1,140కీ తేడా ఆమెకు అర్థమైంది. "ఆయన్నెవులు సూత్తారు" అని మాత్రం మళ్లీ అడిగింది. మేనమామ తను తీసుకెళ్తానన్నాడు. అప్పుడు ఒప్పుకుంది.

లివరు ఐసీయూ ఉన్న ఆసుపత్రి కావాలి, అవసరమైతే లివరు మార్పిడికి పేరు నమోదు చేయగలిగే చోటు కావాలి. విశాఖపట్నంలో ఫోన్ చేసి మంచం ఖాయం చేసుకున్నాకే అంబులెన్సు ఎక్కించాం. ఎన్-ఎసిటైల్ సిస్టీన్ డ్రిప్పు దారిలో ఆగకుండా సిస్టర్ వెంట వెళ్లింది. పదహారో నంబరు హైవే మీద మూడున్నర గంటలు. అక్కడ మంగళవారం ఎస్‌జీపీటీ 3,420కి, ఐఎన్ఆర్ 3.4కి, పచ్చకామెర్లను చూపే బిలిరుబిన్ 5.6కి చేరాయి. ఒక రాత్రి మాట తడబడింది, చేతులు చాపితే వణికాయి. మార్పిడి గురించి పెద్దవాడితో మాట్లాడారు. అతను తన లివరు ఇస్తానన్నాడు. గురువారం నుంచి ఐఎన్ఆర్ దానంతటదే దిగడం మొదలైంది. తొమ్మిదో రోజు ఇంటికి పంపారు.

చిన్నవాణ్ణి నేను మూడు రోజులు మా దగ్గరే ఉంచాను. అదే మందు, తక్కువ రోజులు. ఎస్‌జీపీటీ 190 దాకా వెళ్లి దిగిపోయింది. రెండు ముద్దలకే అంత.

పెద్దవాడితో మాట్లాడింది

తల్లి విశాఖలో ఉన్నప్పుడు ఒక సాయంత్రం పెద్దవాడు కాగితాల కోసం వచ్చాడు. కూర్చోమన్నాను. సరదాకి తిన్నావా అని అడిగితే తల అడ్డంగా ఊపాడు. తండ్రి జబ్బు, అప్పులు, ఉద్యోగంలో ఏడాదిగా నిద్ర లేదు. మాత్రలు వేసుకుంటే మొద్దుబారినట్టుందని ఆపేశాడు. డిప్రెషన్‌కి ఈ గొడుగులు మందని చదివాడు. "విదేశాల్లో డాక్టర్లే ఇస్తున్నారు కదా సార్" అన్నాడు.

అతను చదివింది పూర్తిగా అబద్ధం కాదు, అది కూడా చెప్పాను. మందులకు లొంగని డిప్రెషన్‌లో సైలోసిబిన్‌తో చేసిన ఒక అధ్యయనం 2022లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. అందులో ఇచ్చింది ప్రయోగశాలలో తయారైన, తూకం వేసిన 25 మిల్లీగ్రాముల మందు. పక్కన శిక్షణ పొందిన మనిషి గంటల తరబడి కూర్చున్నాడు. ముందే జబ్బు చరిత్ర అంతా వడపోశారు, ఉన్మాదం, స్కిజోఫ్రీనియా లాంటివి ఉన్నవాళ్లను చేర్చుకోలేదు. బీడులో దొరికే గొడుగులో ఎంత మందుందో ఎవరికీ తెలియదు. ఒక గొడుగుకీ పక్క గొడుగుకీ కూడా తేడా ఉంటుంది. నీలంగా మారడం ఒక్కటే చూసి జాతి తేల్చేస్తే, అలా నీలమయ్యే వేరే జాతులూ ఉన్నాయి. అమాటాక్సిన్ ఉన్న గోధుమరంగు చిన్న గొడుగులూ లోకంలో ఉన్నాయి, గేలరీనా అంటారు. ఇదంతా అతను నిశ్శబ్దంగా విన్నాడు. అమ్మ వండిన కూర గురించి మాత్రం నేనేమీ అనలేదు. ఆ సంగతి అతను అప్పటికే మోస్తున్నాడు.

ఆ వారమే సైకియాట్రిస్టు దగ్గరికి పంపాను. రాత్రిళ్లు భయమేస్తే ఫోన్ చేయమని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 అతని ఫోన్‌లోనే సేవ్ చేయించాను. మాత్ర మార్చారు. భ్రమలు మళ్లీ రాలేదు.

మా దగ్గర మార్చుకున్నది

ఆ రెండు గంటలు నన్ను చాలాకాలం వదల్లేదు. ఇప్పుడు మా క్యాజువాలిటీలో గొడుగుల కేసు వస్తే మొదటి కాగితం మీద రోగి పేరు కంటే ముందు ఆ వంట తిన్న అందరి పేర్లు రాస్తాం. ఒక్కొక్కరి పక్కన తిన్న గంట, మొదటి వాంతి గంట. మంచం మీదున్నవాణ్ణే కాదు, వెంట వచ్చినవాళ్లను, ఇంట్లో ఉన్నవాళ్లను ఫోన్ చేసి అడుగుతాం. ఆరు గంటలు దాటిన పేరుకి ఎర్ర పెన్నుతో గీత.

గ్రామాల్లో ఆశా కార్యకర్తలతో మాట్లాడినప్పుడు జనం నమ్మే పరీక్షలన్నీ విన్నాను. కూరలో వెండి ఉంగరం వేస్తే నల్లబడాలట. వెల్లుల్లి రంగు మారాలట. పురుగు తిన్నదైతే మనిషికీ మంచిదట. ఇవన్నీ తప్పు. విషపు గొడుగుల్ని పురుగులు, నత్తలు హాయిగా తింటాయి, వెండికి వాటితో పనేలేదు. పుట్టల మీద గొడుగులు తినొద్దని నేను ఎవరికీ చెప్పను, తరతరాల తిండి అది. తోకతో సహా లేపి తెచ్చుకోమని, పుట్ట మీద మొలవనిది ఎంత అందంగా ఉన్నా వండొద్దని, ఏ గొడుగైనా వండేముందు ఒక పచ్చిది పక్కన పెట్టుకోమని చెబుతాను. ఎవరికైనా వాంతి అయితే ఆ పచ్చిదాన్ని కాగితంలో చుట్టి రోగితోపాటు పంపితే, మాకు అర పూట కలిసొస్తుంది.

మూడు వారాలకి ఆమె రివ్యూకి వచ్చింది. ఎస్‌జీపీటీ 38, ఐఎన్ఆర్ 1.0. కాస్త చిక్కింది, కళ్లు తెల్లగా ఉన్నాయి. కొడుకు పక్కన కూర్చున్నాడు. ఆ రోజు కూడా తండ్రికి డయాలసిస్ ఉంది. చీటీ రాస్తుండగానే ఆమె లేచి నిలబడింది, బస్సుకి టైమైపోతోందంటూ. ఇంకో నెలకి మళ్లీ రక్తపరీక్ష రాశాను. ఆ తేదీ కొడుకు తన ఫోన్‌లో పెట్టుకున్నాడు.